‘యుద్ధం తీరేదాకా’ అని చాటించాం

మీరు కడుతున్న పన్ను ఎప్పటిదాకా కట్టాలో ఎవరినైనా, ఎప్పుడైనా అడిగారా?

ఎంత కట్టాలో అడిగి ఉంటారు. తగ్గుతుందా అని అడిగి ఉంటారు. ఎగ్గొట్టే దారి ఉందా అని కూడా అడిగి ఉంటారు. దానికి జవాబు చెప్పి బతికేవాళ్ళు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. ‘ఎప్పటిదాకా?’ అన్న ప్రశ్న మాత్రం చదువుకున్నవాళ్ళ నోట నేను వినలేదు. మొదటిసారి విన్నది వాకాడు దాటాక, సముద్రానికీ పులికాట్ సరస్సుకీ మధ్య ఇసుక మీద ఉన్న ఒక పల్లెలో. దానికి జవాబు చెప్పబోయి మా ఆఫీసు ఒక పెద్దాయన బతుకును చిక్కులో పెట్టింది. అది చెబుతాను.

నేను నెల్లూరులో సర్కారు ప్రచార శాఖలో పనిచేసేవాణ్ణి. మాకొక వ్యాను, అందులో ఒక సినిమా యంత్రం, పైన ఒక లౌడ్‌స్పీకరు. ఊరూరా తిరిగి మశూచి టీకాల గురించి, చిన్న మొత్తాల పొదుపు గురించి చెప్పడం మా పని. ఉద్యోగంలో చేరకముందు నేను సంస్కరణ సభల్లో పెరిగినవాణ్ణి. వితంతు వివాహం మీద, సహపంక్తి భోజనాల మీద, మంత్రగాళ్ళ మీద ఎదటివాడు గొంతు పోయి కూర్చునేదాకా వాదించేవాణ్ణి. ఉద్యోగం నన్ను కొంత మెత్తపరిచింది. నోరు మాత్రం ఆగేది కాదు.

మా ఆఫీసరు నాకు పూర్తి వ్యతిరేకం. పద్యం చదవకుండా ప్రసంగం మొదలుపెట్టేవాడు కాదు. మంచి మనిషి. ఎవరినీ నొప్పించడు. ఎవరినీ నొప్పించని మనిషి చేతిలో లౌడ్‌స్పీకరు ఉండటం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు. ఇక మూడోవాడు డ్రైవరు, తడ పక్కవాడు. అరవం సగం, తెలుగు సగం మాట్లాడేవాడు. మా ఇద్దరి వాదన ముదిరితే వ్యాను ఆపి, “మీరు తీర్చుకోండన్నా, నేను టీ తాగొస్తా” అని దిగిపోయేవాడు.

చైనాతో యుద్ధం వచ్చింది. సరిహద్దులో కాల్పులు త్వరగానే ఆగాయి. అత్యవసర పరిస్థితి మాత్రం ఆగలేదు. తర్వాతి బడ్జెట్టుకు పార్లమెంటు యుద్ధకాలపు పార్లమెంటుగానే కూర్చుంది. దేశరక్షణకు డబ్బు కావాలి, కాదనను. ఆ డబ్బు కోసం పెంచిన పన్నుల్లో కిరసనాయిలు మీది సుంకం ఒకటి. సభలో దాని మీద గట్టి వాదనే జరిగిందని పేపర్లలో చదివాను. పేదవాడి దీపం మీద చెయ్యి వేయొద్దని కొందరన్నారు, సిపాయి చేతిలో తుపాకీ ఎవరు పెడతారని కొందరన్నారు. చివరికి చట్టం అయింది. అంతవరకూ సవ్యమే. వాదించి చేసిన చట్టం, ఎవడో కలగని చెప్పింది కాదు కదా అని నాకు తృప్తిగా కూడా ఉండింది.

ఆ చట్టం సరస్సు ఒడ్డుకు చేరేసరికి దాని వెనకాల వాదన లేదు. ధర ఒక్కటే చేరింది.

ఆ పల్లెలో కిరసనాయిలు అంటే ఇంట్లో దీపం ఒక్కటే కాదు. సరస్సులో రొయ్య వల వేసేది చీకట్లోనే. వల కట్టిన గుంజకు లాంతరు వేలాడదీయకపోతే ఇంకో పడవ వచ్చి వలను చీల్చుకుని పోతుంది. ధర పెరిగేసరికి అంగడివాడే కావరం పట్టి పెంచాడనుకుని ఊరు దురాయి వేసింది. దురాయి అంటే అక్కడి మత్స్యకారుల ఊరి కట్టుబాటు. ఊరంతా కూర్చుని మాట్లాడి ఒక మాట మీద నిలబడితే, ఇక దాన్ని ఎవరూ దాటరాదు. ఈసారి వేసిన కట్టుబాటు ఏమంటే, ధర దిగేదాకా ఎవరూ కిరసనాయిలు కొనకూడదు. దాంతో సరస్సు మీద లాంతర్లు ఆరిపోయాయి, రొయ్యలు ఆగిపోయాయి. అంగడివాడు వెళ్ళి తహశీల్దారు కాళ్ళ మీద పడ్డాడు. తహశీల్దారు మమ్మల్ని పంపాడు.

తోవలో నేను ఆఫీసరు గారికి ఒక ఉపాయం చెప్పాను. “పార్లమెంటు, సుంకం, శాసనం అంటే వాళ్ళకేం ఎక్కదండీ. దేశమంతటికీ దురాయి వేసే సభ ఢిల్లీలో ఉంది, ఆ సభ వేసిన దురాయి ఇది అని చెప్పండి.” ఆయనకు ఎంత నచ్చిందంటే, చిట్టమూరు దాటేలోపు దాన్ని పద్యంలో ఇరికించాడు.

పడవలు లాగే చోట తాటాకు పందిరి కింద ఊరు కూర్చుంది. మగవాళ్ళే. ఆడవాళ్ళు పందిరి బయట ఎండలో చేపలు తిరగేస్తూ వింటున్నారు. సభలో వాళ్ళకు చోటు లేదు. నేనది చూసి పళ్ళు కొరుక్కున్నాను. ఆఫీసరు పద్యం చదివాడు, హిమాలయాల గురించి చెప్పాడు, ఢిల్లీ దురాయి గురించి చెప్పాడు. జనం తలలూపారు. మా ఉపాయం పారింది.

అప్పుడు ఊరి చాటింపు పెద్దాయన లేచాడు. బక్కపలచటి మనిషి, ఎర్ర తలపాగా, భుజానికి జేగంట. దురాయి వేసినా ఎత్తినా ఆ జేగంట కొట్టి వీధివీధినా చాటేది ఆయనే. అందుకు ప్రతి పడవ నుంచీ ఆయనకు దోసెడు చేప పోతుంది. ఆయనకు తన గొంతంటే ప్రాణం. మా లౌడ్‌స్పీకరు వైపు చూసిన చూపులోనే తెలిసింది, దాన్ని ఆయన మనిషిగా లెక్కపెట్టలేదు.

“ఎందుకు వేసినారో చెప్పినావు సామీ. ఎవురి మీద వేసినారో చెప్పినావు. ఎప్పటిదాకా?”

“ఎప్పటిదాకా ఏమిటి?” అన్నాడు ఆఫీసరు.

“దురాయి అంటే మూడు మాటలు ఉండాల గదా. మూడో మాట లేకుండా నేను చాటితే పిల్లకాయలు గూడా నవ్వుతారు.”

ఊరిపెద్ద వివరించాడు. వాళ్ళ కట్టుబాటులో ముగింపు చెప్పని దురాయి దురాయే కాదు. వల విప్పే రోజు చెప్పకుండా ఎవడూ వల కట్టడు. ఆ రోజు రాగానే, చాటినవాడే మళ్ళీ వచ్చి ఎత్తేస్తున్నట్టు చాటాలి. చాటిన మాట తప్పైతే ఆ మనిషి ‘గొంతు తీసేస్తారు’. భయపడకండి, జేగంట లాక్కుని ఇంకొకడికి ఇస్తారు, అంతే. కానీ ఆ పెద్దాయనకు అంతే అంటే అంతా.

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను గొంతు తగ్గించి, “చట్టంలో ముగింపు ఉందో లేదో మనకు తెలియదండీ. మన దగ్గర చట్టమే లేదు” అన్నాను.

ఆయన జనం వైపు తిరిగాడు. అన్ని మొహాలు తన నోటి కేసే చూస్తున్నాయి. ఎవరినీ నొప్పించని మనిషి కదా! చెయ్యెత్తి, “యుద్ధం తీరేదాకా!” అన్నాడు. పందిరి కింద చప్పట్లు.

పెద్దాయన అక్కడికక్కడే జేగంట మోగించాడు. “విన్నారా ఊరి జనమా! అంగడాయన తప్పు లేదు! ఢిల్లీ సభ కిరసనాయిలు మీద దురాయి వేసినాది! సిపాయిల కోసరం వేసినాది! యుద్ధం తీరేదాకా వేసినాది! మన దురాయి ఎత్తేసినాము!” ఆ గొంతు ఆ ఇసుక మీద ఎంత దూరం పోయిందో! మా లౌడ్‌స్పీకరు సిగ్గుపడాల్సిందే.

వ్యానులో కూర్చున్నాక డ్రైవరు అడిగాడు. “ఏం సార్, యుద్ధం తీరినాక పన్ను తీసేస్తారని ఢిల్లీ వాళ్ళు మీకు చెప్పినారా?”

“నువ్వు గమ్మున బండి తోలు” అన్నాడు ఆఫీసరు.

లాంతర్లు వెలిగాయి, రొయ్యలు పడ్డాయి. తహశీల్దారు మెచ్చుకున్నాడు. మేం మళ్ళీ టీకాల మీద పడ్డాం.

మరుసటి ఏడు రొయ్యల కాలం వచ్చింది. ఒక రోజు మా ఆఫీసు వరండాలో ఎర్ర తలపాగా కనిపించింది. ఉతికిన పంచె, భుజాన జేగంట. ఇంత దూరం బస్సులో ఆ ఇత్తడి బరువు మోసుకుని ఎందుకొచ్చాడా అనుకున్నాను.

“దొరగారిని తీసుకుపోదామని వచ్చినా” అన్నాడు. “కాల్పులు లేవని రేడియో చెప్తా ఉండాది. పట్టాళంలో ఉండే మా ఊరి పిల్లోడు సెలవు మీద వచ్చి పెళ్ళి గూడా చేసుకోని పోయినాడు. యుద్ధం తీరిపోయినాది. పన్ను తీరలా. ఊరు నన్ను నిలదీస్తా ఉండాది. దొరగారు వచ్చి దురాయి ఎత్తేసినట్టు ఒక్క మాట చెప్తే నేను చాటుకుంటా.”

లోపలికి తీసుకెళ్ళాను. ఆఫీసరు మొహంలో రక్తం లేదు.

“నేనలా అనలేదే” అన్నాడు.

“అన్నారు సామీ. చెయ్యి పైకెత్తి గూడా అన్నారు.”

“అది ప్రసంగంలో మాట.”

పెద్దాయనకు అది అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. ప్రసంగంలో మాటకూ మాటకూ తేడా ఏమిటి?

పెద్దాయనను బయట కూర్చోబెట్టి ఆఫీసరు నాతో అన్నాడు. “నువ్వు వెళ్ళి చెప్పు. అత్యవసర పరిస్థితి ఇంకా ఎత్తేయలేదు. ఆ లెక్కన యుద్ధం తీరనట్టే. అతను చాటింది తప్పు కాదు, నేను అన్నదీ తప్పు కాదు. అబద్ధమేం కాదుగా!”

తెలివైన జవాబు. ఎవరికీ దెబ్బ తగలదు. మరి ఆయన ఎందుకు రారు? అడిగాను. కొద్ది నెలల్లో రిటైరవుతున్నానన్నాడు. చట్టంలో లేని మాట ప్రభుత్వం తరఫున ఇచ్చానని పదిమందిలో ఒప్పుకుంటే పెన్షను ఏమవుతుందో అని భయం. ఆయన్ని తిట్టలేకపోయాను.

వ్యానులో పెద్దాయన నా పక్కనే కూర్చున్నాడు. దారిపొడుగునా జేగంటను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూనే ఉన్నాడు.

“నాయనా, లోపల దొరగారు అత్తెసర పరిస్థితి అన్నారే, బయటికి ఇనపడినాది. అది ఉండాదా లేదా?”

“ఉంది పెద్దాయనా.”

“అయితే యుద్ధం ఉండాదని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. మా నాయన గొంతు నాకు వచ్చినాది. నా చేతుల్లో పోకూడదు.”

“కానీ రేపు అత్యవసర పరిస్థితి ఎత్తేసినా పన్ను పోతుందని ఎవరూ చెప్పలేదు. చట్టంలో అలాంటి మాట లేదు. నేను తెప్పించుకుని చదివాను.”

“రేపటి సంగతి రేపు. ఈ పొద్దుకి నన్ను గట్టెక్కించు.”

యువకులారా, మంత్రగాడితో వాదించడం చాలా సులువు. అతను ఓడితే పోయేది అతని మోసం. ఇక్కడ నేను నిజం చెబితే పోయేది, ఏ మోసమూ చేయని ఒక మనిషి గొంతు. నేర్చిన వాదాలన్నీ తిరగేశాను. ఒక్కదానిలోనూ దీనికి జవాబు దొరకలేదు.

పందిరి కింద ఊరు కూర్చుంది. ఊరిపెద్ద నన్ను నిలబెట్టి అడిగాడు. “అయ్యా, యుద్ధం తీరిందా, లేదా?”

పెద్దాయన నన్నే చూస్తున్నాడు. వందమందిని మోసపోకండని చెప్పినవాణ్ణి, ఆ పూట వాళ్ళందరినీ ఒక మెలికతో ఇంటికి పంపనా? వాళ్ళు ఇంకో ఏడు, ఇంకో ఏడు, రాని రోజు కోసం కాచుకుని కూర్చుంటారు. కాచుకున్నవాడు అడగడు. అడగనివాడి కోసం ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు.

“యుద్ధం తీరిందా లేదా అన్నది కాదండీ సంగతి. యుద్ధం తీరితే పన్ను తీరుతుందని ఢిల్లీ సభ అనలేదు. ఎప్పటిదాకా అన్న మాటే ఆ చట్టంలో లేదు. ఆ మాట మాది. మేం తెలియకుండా చెప్పాం. పెద్దాయన మమ్మల్ని నమ్మి చాటాడు.”

ఊరిపెద్ద పెద్దాయన వైపు చెయ్యి చాపాడు. పెద్దాయన జేగంట తీసి ఆ చేతిలో పెట్టాడు. నా వైపు చూడలేదు.

అప్పుడు పందిరి బయటి నుంచి ఒక గొంతు లేచింది. పెద్దాయన భార్య. చేతిలో చేపల గంప. ఆడది సభలో నోరెత్తరాదన్న ఆ ఊరి కట్టుబాటును కాలితో తోసేసి నేరుగా లోపలికి వచ్చింది.

“ఏమయ్యా పంతులూ, నిజం చెప్పేసినావు. సంతోషమా? నీ నిజానికి నీకు నెలనెలా జీతమొస్తాది. మా ఆయన నోట్లో మన్ను పడినాది.”

“మే, నీకేం పని ఈడ?” అన్నాడు ఎవరో.

“నాకేం పనా? ఆ కిరసనాయిలు కొనేది నువ్వా? లాంతరు చిమ్నీ తుడిచేది నువ్వా?” ఆమె ఊరిపెద్ద వైపు తిరిగింది. “మా ఆయన చాటినాడు, తప్పే. గొంతు తీసినారు, సరే. ఆయన చెవిలో ఆ మాట వేసినోడు యాడ? వాడి గొంతు ఎవురు తీస్తారు?”

మా డ్రైవరు వెనకనుంచి, “అక్క చెప్పింది న్యాయమే” అన్నాడు. ఎవరూ అతన్ని అడగలేదు. అయినా పందిరి కింద తలలు కదిలాయి.

ఊరిపెద్ద తీర్పు చెప్పాడు. “ఈ జేగంట పందిరి గుంజకు తగిలిస్తున్నా. మోగేది లేదు. ఆ మాట చెప్పినాయన వచ్చి, ఊరి నడుమ నిలబడి, ఆ మాట నాదే అంటే పెద్దాయనకు తిరిగిస్తాం. రాకపోతే ఇంకొకరికి ఇస్తాం. ఈ రొయ్యల కాలం దాటదు.”

తిరుగు దారిలో అనుకున్నాను, నా నిజం సగమే. ‘మేం’ అన్నాను. ‘మేం’ అనేది ఎవరూ కాని మాట. సర్కారు ఉద్యోగంలో మొదట నేర్పేది అదే.

ఆఫీసులో ఆ తల్లి ప్రశ్నను ఆఫీసరు ముందు ఉన్నదున్నట్టు పెట్టాను. వాదించలేదు. నా జీవితంలో వాదించకుండా గెలిచింది అదొక్కటే. ఆయన కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు. ఒక పొద్దున వచ్చి డ్రైవరుతో, “బండి తియ్యి” అన్నాడు.

పందిరి కింద నిలబడి ఆయన అలవాటు కొద్దీ పద్యం ఎత్తుకున్నాడు.

“అయ్యా, పద్యం తర్వాత పాడుకుందాము” అన్నాడు ఊరిపెద్ద.

ఆఫీసరు పద్యం ఆపేశాడు. చొక్కా గుండీ సవరించుకున్నాడు. అప్పుడు పద్యం లేకుండా, చెయ్యెత్తకుండా, “ఆ మాట నాది. సంగతి తెలియకుండా చెప్పాను. ఈయన తప్పు లేదు” అన్నాడు. ఆయన ప్రసంగాలన్నీ విన్నవాణ్ణి చెబుతున్నాను, అంత మంచి ప్రసంగం ఆయన ఇంకొకటి చేయలేదు.

గుంజ మీది జేగంట తీసి పెద్దాయనకు ఇచ్చారు. ఆయన తలపాగా సర్దుకుని, ఆఫీసరు పక్కనే నిలబడి, ఒక్క దెబ్బ గట్టిగా కొట్టాడు.

“విన్నారా ఊరి జనమా! యుద్ధం తీరేదాకా అని నేను చాటింది తప్పు మాట! నెల్లూరు దొరగారు తెలియక వాగినారు! వాగినట్టు ఒప్పుకున్నారు! ఢిల్లీ సభ వేసిన పన్నుకు ఎప్పటిదాకా అనే మాట లేదు! ఎవురూ చెప్పలా! ఎవురూ అడగలా!”

‘వాగినారు’ అన్న చోట డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆఫీసరు మాత్రం చివరి మాట దగ్గర తలెత్తి ఆ పెద్దాయనను చూశాడు. ‘ఎవరూ అడగలేదు’ అన్నది ఊరిపెద్ద చెప్పమన్నది కాదు. పెద్దాయన సొంతంగా కలిపిందే.

ఆయన జేగంట మోగిస్తూ పందిరి దాటి వీధిలోకి వెళ్ళాడు. భార్య గంప దించి, ఆ గొంతు వెంట నడిచింది. పోతూ నన్ను చూసి, “ఇప్పుడు నీ నిజానికి కాళ్ళొచ్చినాయి పంతులూ” అంది. క్షమించిందో, ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా ఆఫీసరుకు ఏ శిక్షా పడలేదు. పెన్షను దర్జాగా వచ్చింది. పైవాళ్ళు ఆ సంగతి పట్టించుకోనేలేదు. ఇంతకాలం దేనికి భయపడ్డాడో ఆయనకే అర్థం కాక, రిటైరయ్యే రోజున నవ్వుకున్నాడు.

పన్ను? ఆ ఊరు అడిగినందుకు పోలేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను. కానీ ఊరు ఒక కొత్త దురాయి వేసుకుంది. బయటి మాట ఏదైనా సరే, చెప్పినవాడు చాటేవాడి పక్కన నిలబడి ముగింపు చెబితేనే చాటాలి. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మళ్ళీ కొత్త పన్నులు వచ్చాయి. మా కొత్త ఆఫీసరు చురుకైన కుర్రవాడు, లౌడ్‌స్పీకరు పట్టుకుని అదే పందిరి కిందకు వెళ్ళాడు. జేగంట పక్కన నిలబెట్టి అడిగారు. ఈసారి అడిగినవాళ్ళలో పందిరి లోపల కూర్చున్న ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ కుర్రవాడు చెమట తుడుచుకుని, “నాకు తెలియదు, మీ పార్లమెంటు సభ్యుణ్ణి అడగండి” అన్నాడు. పెద్దాయన దాన్నే ఉన్నదున్నట్టు చాటాడు. ఎన్నికలకు వచ్చినప్పుడు ఆ సభ్యుడికి ఆ ఊళ్ళో పూలదండకు ముందు ఆ ప్రశ్నే ఎదురైందని డ్రైవరు చెప్పాడు. ఆయనేం జవాబిచ్చాడో డ్రైవరు చెప్పలేదు. జవాబు ఉంటే చెప్పేవాడు.

దేశం అడిగితే ఇవ్వొద్దని నేను అనడం లేదు. యుద్ధం పేరు వినగానే అడగడం మానేసేవాళ్ళతో నా పేచీ. ప్రమాదం రోజున వేసిన పన్నును ప్రమాదం గడిచాక తిరిగి చూసేది ఎవరు? వేసిన సభ కాదు, దానికి ఇంకా వంద పనులు. కట్టేవాడే చూడాలి.

ఇది చదివి పక్కన పెట్టకండి. ఈసారి మీ సభ్యుడు మీ వీధికి వచ్చినప్పుడు, దండ వేయకముందే నడివీధిలో నిలబెట్టండి. మీరు మోస్తున్న ఒక్క పన్ను పేరు చెప్పి, ‘ఇది ఎప్పటిదాకా?’ అని పదిమంది వినేలా అడగండి. ‘మేం’ అని మొదలుపెడితే ఆపండి, ‘నేను’ అనిపించండి. మీ ఇంట్లో సరుకులు కొనే ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడిగేవాళ్ళ ముందు వరసలో నిలబెట్టండి. తెలియదంటే, తెలియదన్నాడని ఊరంతా చాటండి.